ఒక్క గీత లేని ఫోన్ ఎందుకు డెడ్ అయింది: ఒక రిపేర్ కేసు

ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఆ ఫోన్ ఓనర్ అజాగ్రత్త మనిషి కాకపోవడమే. ఫోన్ చేతిలోకి తీసుకోగానే ఆ సంగతి తెలిసిపోయింది. మందపాటి గట్టి కవర్, బుడగ లేకుండా అతికించిన టెంపర్డ్ గ్లాస్, ఛార్జింగ్ పోర్ట్‌కి రబ్బరు మూత. కొని మూడేళ్లయినా నిన్న బాక్స్‌లోంచి తీసినట్టుంది. ఆన్ మాత్రం కావడం లేదు.

"ఒక్కసారి కూడా కింద పడెయ్యలేదండి" అన్నారాయన. ఆయన చెప్పింది నిజమే. తర్వాత మైక్రోస్కోప్ కింద ఫ్రేమ్ నాలుగు మూలలూ చూశాను, ఎక్కడా నొక్కు లేదు. పక్కనే ఉన్న ఆయన భార్య చేతిలోనూ అదే మోడల్ ఉంది. రెండూ ఒకే రోజు కొన్నారట. ఆవిడ ఫోన్‌కి కవర్ లేదు. కింది ఎడమ మూల నొక్కుకుపోయింది. అక్కడి నుంచి వెనక గ్లాస్ అంతా పగుళ్లు పాకాయి. కెమెరా రింగు చుట్టూ రంగు ఊడిపోయింది. అయినా శుభ్రంగా పనిచేస్తోంది. "ముందు పోయేది నాదేనని ఎప్పుడూ అంటుంటారండి ఈయన" అన్నారావిడ.

ఒకే మోడల్, ఒకే వయసు, పూర్తిగా వేరువేరు వాడకం. ఇలాంటి జత ఒకేసారి బల్ల మీదికి రావడం మా పనిలో అరుదు. ఇద్దరి అనుమతి తీసుకుని రెండింటినీ విప్పాను, రెండింటి సంగతీ ఇక్కడ రాస్తున్నాను.

ఓనర్ చెప్పిన సంగతులు

కొన్ని వారాలుగా బ్యాటరీ త్వరగా అయిపోతోంది. స్క్రీన్ మధ్యలో, తెల్లటి పేజీ తెరిచినప్పుడు, కాస్త పాలిపోయిన మచ్చ కనిపిస్తోంది. టెంపర్డ్ గ్లాస్ లోపమేమో అనుకుని దాన్ని మార్పించారు. మచ్చ పోలేదు. ముందురోజు సాయంత్రం స్పీకర్ రంధ్రాల్లో దుమ్ము చేరిందని ఫోన్‌ని కుళాయి కింద పెట్టి, కాస్త సబ్బు రాసి కడిగారు. "ఐపీ68 అండి, నీళ్లలో పడినా ఏం కాదని బాక్స్ మీదే ఉంది." కడిగాక తుడిచి రాత్రంతా వైర్‌లెస్ ప్యాడ్ మీద ఉంచారు. తెల్లారేసరికి ఫోన్ డెడ్.

ఎక్కడెక్కడ ఛార్జ్ చేస్తారని అడిగాను. రాత్రి ప్యాడ్ మీద, పగలు కారులో. ఆయన పనిలో రోజంతా డ్రైవింగే. డ్యాష్‌బోర్డ్ మీద, విండ్‌షీల్డ్ వెనక, వైర్‌లెస్ ఛార్జింగ్ ఉన్న హోల్డర్. నావిగేషన్ నడుస్తుంటుంది. ఎండలో కనపడాలి కాబట్టి బ్రైట్‌నెస్ ఫుల్లు.

"వేడెక్కి ఛార్జింగ్ ఆగిపోయిందని మెసేజ్ వచ్చేదా?"

"వచ్చేదండి. ఏసీ గాలి తగిలేలా కాసేపు తిప్పి, చల్లబడ్డాక మళ్లీ పెట్టేవాణ్ని."

"కవర్ ఎప్పుడు తీశారు ఆఖరిసారి?"

గుర్తు లేదన్నారు. కొన్నప్పుడు తొడిగింది, మళ్లీ తీయాల్సిన అవసరం రాలేదు.

కవర్ తీసినప్పుడు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ కేసంతా ఆ ఒక్క నిమిషంలోనే తేలిపోయింది. కవర్ ఒక మూల నుంచి వదులు చేస్తుండగా వెనక గ్లాస్ కుడి అంచు మెల్లగా పైకి లేచింది. అంతవరకూ దాన్ని నొక్కిపట్టి ఉంచింది కవరే. ఫ్రేమ్‌కీ గ్లాస్‌కీ మధ్య ఉండాల్సిన నల్లటి జిగురు పట్టీ ఒక పక్క గ్లాస్‌కి, ఒక పక్క ఫ్రేమ్‌కి సాగి తెగిపోయి ఉంది. ఆ సందులోకి పల్చటి ప్లాస్టిక్ షీట్ పెడితే ఆగకుండా లోపలికి పోయింది. మామూలుగా ఈ గ్లాస్ ఊడదీయాలంటే హీట్ ప్లేట్ మీద బాగా వేడి చేసి, సక్షన్ కప్పుతో లాగి, సన్నని బ్లేడుతో చుట్టూ కోసుకుంటూ రావాలి. ఈ ఫోన్‌కి కుడివైపు అవేవీ అక్కర్లేకపోయాయి.

కవర్ లోపలి అంచు వెంబడి సన్నటి ఇసుక గీతలా పేరుకుంది. సరిగ్గా అదే గీత మీద అల్యూమినియం ఫ్రేమ్ రంగు అరిగిపోయింది. ఫోన్‌కి గీతలు పెట్టేవి జేబులోని తాళంచెవులని చాలామంది అనుకుంటారు. ఏ వస్తువు దేన్ని గీయగలదో చెప్పే మోహ్స్ కాఠిన్యం స్కేలు మీద మామూలు ఉక్కు 5.5 దగ్గర ఉంటుంది. ఫోన్ గాజు మీద గీతలు 6 దగ్గర మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా పడతాయి. ఇసుకలో, దుమ్ములో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం 7. కాబట్టి భయపడాల్సింది తాళంచెవికి కాదు, జేబు అడుగున చేరిన దుమ్ముకి, కవర్ లోపల చిక్కుకున్న రేణువుకి. ఇంకో మాట. టెంపర్డ్ గ్లాస్ ప్యాకెట్ మీద రాసే 9హెచ్ ఈ మోహ్స్ స్కేలుది కాదు. అది పెన్సిల్ కాఠిన్యం పరీక్షది. 9హెచ్ పెన్సిల్‌తో గీత పడలేదని దానర్థం, అంతే.

గ్లాస్ తీశాక బ్యాటరీ కనిపించింది. దిండులా ఉబ్బింది. పైన అతికించిన వైర్‌లెస్ ఛార్జింగ్ కాయిల్ కూడా దాంతోపాటు వంగింది. ఉబ్బిన బ్యాటరీ ఎదురుగా ఉంటే అన్ని పనులూ ఆపి ముందు దాని సంగతి చూడాలి. లోహపు పనిముట్టు దాని దగ్గరికి రానివ్వకూడదు, వంచకూడదు, గుచ్చకూడదు. కనెక్టర్ ఊడదీసి, అంచుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలుగా వేసి జిగురు మెత్తబడేదాకా ఆగి, ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపి, ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టాను. తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి అప్పగించాం. ఇంట్లో ఎవరైనా ఫోన్ వెనక భాగం లేచినట్టు గమనిస్తే ఛార్జింగ్ ఆపేయాలి, చేత్తో నొక్కి మూయడానికి చూడకూడదు. ఈ విషయంలో నేను మొహమాటపడను, ఎవరు వచ్చినా గట్టిగానే చెబుతాను.

స్క్రీన్ మచ్చకీ ఇదే కారణం. బ్యాటరీ వెనక్కి ఉబ్బడానికి గట్టి కవర్ అడ్డుపడింది. ఆ ఒత్తిడి ముందుకి మళ్లి స్క్రీన్‌లో బొమ్మ చూపించే ఓఎల్ఈడీ ప్యానెల్‌ని వెనక నుంచి నొక్కింది. కవర్ లేకుంటే వెనక గ్లాస్ లేచిన రోజే ఆయన కంట పడేది. ఫోన్‌ని కాపాడాల్సిన కవరే దాని జబ్బు బయటపడకుండా దాచింది.

బోర్డు మీద

నీరు తగిలితే ఎర్రబడే చిన్న తెల్ల స్టిక్కర్లు ఫోన్ లోపల ఉంటాయి. సందుకి దగ్గరలో ఉన్నది పూర్తిగా ఎర్రబడింది. దూరంగా ఉన్నది తెల్లగానే ఉంది. అంటే నీళ్లు ఆ కుడి అంచు నుంచే వచ్చాయి. డిస్‌ప్లే కనెక్టర్ చుట్టూ తెల్లటి పొడి, దాని కింద ఆకుపచ్చ మరక, రెండు పిన్నులు నల్లబడి సగం కరిగిపోయాయి.

నీళ్లు తగిలినంత మాత్రాన ఒక్క రాత్రిలో పిన్నులు కరగవు. నీళ్లు, వాటిలో కరిగిన లవణాలు, పక్కపక్కనే ఉన్న రెండు పిన్నుల మధ్య వోల్టేజీ ఉంటే రాగి ఒక పక్క నుంచి కరిగి ఇంకో పక్కకి పోతుంది. ఫోన్ స్విచాఫ్ చేసినా బ్యాటరీ లైన్లు ఆగవు, ఛార్జింగ్‌లో పెడితే ఇంకా లైన్లు తోడవుతాయి. తడి ఫోన్‌ని ప్యాడ్ మీద రాత్రంతా ఉంచడం వల్లే గంటల్లో ఇంత నష్టం జరిగింది.

బెంచ్ పవర్ సప్లై కలిపితే, పవర్ బటన్ నొక్కకముందే బోర్డు కరెంట్ లాగుతోంది. ఆరోగ్యంగా ఉన్న బోర్డు ఆ దశలో దాదాపు సున్నా చూపించాలి. వేడిని చూపించే థర్మల్ కెమెరా కింద పెట్టగానే కనెక్టర్ పక్కన ఒక చిన్న కెపాసిటర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) మెరిసింది. అది షార్ట్, అంటే కరెంట్ దాని గుండా అడ్డదారిన పోతోంది. కనెక్టర్ లైన్లలో ఏవి బాగున్నాయో, ఏవి పోయాయో తేల్చడానికి ఆవిడ ఫోన్ బోర్డు అక్కరకొచ్చింది. మీటర్‌ని డయోడ్ మోడ్‌లో (లైన్ మీద వోల్టేజీ ఎంత పడుతుందో చూపే సెట్టింగ్) పెట్టి, ఒక్కో పిన్నూ ఆ బోర్డులో ఎంత చూపిస్తోందో, ఈ బోర్డులో ఎంత చూపిస్తోందో పోల్చాను. బాగున్న బోర్డు పక్కన ఉంటే ఊహించాల్సిన పని సగం తగ్గిపోతుంది.

షార్ట్ కెపాసిటర్ తీసి కొత్తది వేశాను. బోర్డుని అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో శుభ్రం చేసి, ఆరబెట్టి, హాట్ ఎయిర్‌తో పాత కనెక్టర్ తీసి కొత్తది అతికించాను. టెస్ట్ బ్యాటరీతో ఫోన్ ఆన్ అయింది. ఆన్ కాగానే చేయాల్సిన మొదటి పని టచ్ చూడటమో కెమెరా చూడటమో కాదు, ఓనర్ చేత పాస్‌కోడ్ కొట్టించి ఫొటోలూ కాంటాక్టులూ బ్యాకప్ తీయించడం. నీళ్లు తాగిన బోర్డు మళ్లీ ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆయనకి మూడేళ్లుగా బ్యాకప్ లేదు. కవర్ మీదా, గ్లాస్ మీదా పెట్టిన శ్రద్ధలో కొంత దీనిమీద పెట్టి ఉంటే ఆ రోజు అంత టెన్షన్ పడేవారు కాదు.

జరిగిన క్రమం

ఆయన లెక్కలో ఫోన్ చెడిపోయింది కుళాయి కింద. నా లెక్కలో అది కొన్ని నెలల ముందే, డ్యాష్‌బోర్డ్ మీద మొదలైంది.

లిథియం అయాన్ బ్యాటరీకి రెండు పరిస్థితులు పడవు: వేడి, నిండా ఛార్జ్. రెండూ కలిస్తే మరీ చేటు. అప్పుడు లోపలి ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై గ్యాస్ తయారవుతుంది. ఫోన్ బ్యాటరీకి గట్టి డబ్బా ఉండదు, పల్చటి పౌచ్ మాత్రమే, కాబట్టి గ్యాస్ చేరితే ఉబ్బడమే. యాపిల్ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమని చెబుతుంది. ఎండలో విండ్‌షీల్డ్ వెనక ఉండే వేడి ఆ హద్దు సులువుగా దాటుతుంది. దానికి తోడు నావిగేషన్, ఫుల్ బ్రైట్‌నెస్, వైర్‌లెస్ ఛార్జింగ్. వైర్‌తో పోలిస్తే వైర్‌లెస్‌లో ఎక్కువ శక్తి వేడిగా పోతుంది, ఆ వేడి పుట్టే కాయిల్ బ్యాటరీని ఆనుకునే ఉంటుంది. మందపాటి కవర్ ఆ వేడిని బయటికి పోనివ్వదు. ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ఛార్జింగ్ ఆపుతుంటే, చల్లబరిచి మళ్లీ పెడుతూ వచ్చారు.

బోర్డు ఆన్ అయ్యాక ఫోన్‌లో నమోదైన లెక్క చూస్తే ఆయన పాత బ్యాటరీ సామర్థ్యం 71 శాతానికి పడిపోయింది. ఆవిడది 86. ఆవిడ చాలావరకూ వైర్‌తోనే, ఇంట్లో, అవసరమైనంతే ఛార్జ్ చేస్తారు. జాగ్రత్త కోసం కాదు, తీరిక లేక.

ఇక నీళ్ల సంగతి. ఐపీ68లో 6 దుమ్ముకి, 8 నీటిలో మునగడానికి. 8 అంటే 1 మీటరు లేదా అంతకు మించిన లోతు. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే నిర్ణయించి చెబుతుంది. ఆ పరీక్ష కొత్త ఫోన్ మీద, నిలకడగా ఉన్న మంచినీళ్లలో జరుగుతుంది. ఒత్తిడితో చిమ్మే నీళ్లకి వేరే పరీక్షలున్నాయి, రెండో అంకె స్థానంలో వాటికి 5, 6 వస్తాయి. ఐపీ68 ఉన్నంత మాత్రాన ఫోన్ వాటిలో పాసైనట్టు కాదు. సబ్బు నీరు మామూలు నీరు చొరబడని సందుల్లోకి కూడా పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రక్షణంతా ఆధారపడేది అంచు చుట్టూ ఉన్న సన్నని జిగురు మీద. ఆ జిగురుకీ వయసు మీద పడుతుంది. బాక్స్ మీద ఉన్న అంకె కొన్న రోజుది.

ఆవిడ ఫోన్

ఇదంతా చదివి ఎలా పడితే అలా వాడిన ఫోనే గట్టిదని అనుకోవద్దు. ఆవిడ ఫోన్ పగుళ్ల నుంచి లోపలికి సన్నటి గాజు పొడి వెళ్లింది, వైర్‌లెస్ కాయిల్ మీద దుమ్ము పట్టింది. సీల్ ఎప్పుడో పోయింది. ఆవిడ కూడా అదే కుళాయి కింద పెట్టి ఉంటే ఆ ఫోనూ అదే సాయంత్రం డెడ్ అయ్యేది.

ఆ నొక్కుపడిన మూల గురించి చెప్పాల్సింది చాలా ఉంది. ఫోన్ గాజుకి బలం ఎలా వస్తుందంటే, దాన్ని దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది. పగులు పుట్టాలంటే ముందు ఆ నొక్కుడుని గెలవాలి. ఆ పొర చాలా పల్చన. ఒక్క లోతైన గీత దాన్ని దాటితే, తర్వాత చిన్న దెబ్బ చాలు. అంచులు మరీ సున్నితం. నొక్కుపడిన ఫ్రేమ్ గాజు అంచుని ఒకే చోట ఎప్పుడూ పొడుస్తూ ఉంటుంది. అలాంటి ఫ్రేమ్‌లో కొత్త గ్లాస్ బిగిస్తే, ఇంకోసారి కింద పడకుండానే, జేబులోనే పగలొచ్చు. అప్పుడు కస్టమర్ గ్లాస్ నకిలీదని మనల్ని అంటారు. అందుకే ఆవిడ ఫోన్‌కి కొత్త గ్లాస్ వేసేటప్పుడు ముందు ఫ్రేమ్ మూలని సరిచేసి, గ్లాస్ ఎక్కడా ఒత్తుకోకుండా కూర్చుంటోందో లేదో చూసి, ఆ తర్వాతే జిగురు వేశాను.

పడిన ఫోన్‌లో నష్టమంతా బయటికి కనపడదు కూడా. ఐఫోన్ 6 ప్లస్‌లో స్క్రీన్ పైన బూడిద రంగు చారలు వచ్చి టచ్ పోయే సమస్య ఉండేది. గట్టి నేల మీద పలుమార్లు పడి, ఆపైన ఇంకా ఒత్తిడికి గురైన ఫోన్లలో ఇది వస్తోందని చెబుతూ 2016 నవంబర్‌లో యాపిల్ దానికి రిపేర్ ప్రోగ్రామ్ పెట్టింది. గ్లాస్ బాగానే ఉన్నా, బోర్డు మీద చిప్ కింది సోల్డర్ పగిలేది. ఆవిడ బోర్డుని మైక్రోస్కోప్ కింద అంతా చూశాను, అలాంటి జాడ ఏమీ లేదు. ఈసారికి అదృష్టమే అని ఆవిడకి చెప్పాను.

డిజైన్ వాటా

ఆయన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన శ్రద్ధకి ఏ లోటూ లేదు. ఎక్కడ శ్రద్ధ పెట్టాలో ఆ ఫోన్ ఆయనకి చెప్పలేదు.

2000లో వచ్చిన నోకియా 3310 వెనక మూత చేత్తోనే తీసేయొచ్చు. బ్యాటరీ ఉబ్బితే మూత పట్టదు, ఆ రోజే తెలిసిపోతుంది, కొత్త బ్యాటరీ వేసుకుంటారు. కింద పడితే మూత ఒక పక్కకి, బ్యాటరీ ఒక పక్కకి ఎగిరిపోయేవి. దెబ్బలో కొంత అలా పోయేది. ఇప్పటి ఫోన్‌లో బ్యాటరీ జిగురుతో అతికి, గాజు కింద మూసి ఉంటుంది. వెనక గాజు ఎందుకంటే, వైర్‌లెస్ ఛార్జింగ్ లోహం గుండా పోదు. ప్లాస్టిక్ గుండా పోతుంది, ప్లాస్టిక్ గాజంత సులువుగా పగలదు కూడా. అయినా షోరూమ్‌లో గాజు ఖరీదైనదిగా కనిపిస్తుంది కాబట్టి గాజే పెడుతున్నారు. ఫోన్ అందం కోసం పగిలే వస్తువుని ఎంచుకుని, దాన్ని కాపాడటానికి కవర్ కొనుక్కోమనడం నాకు న్యాయంగా అనిపించదు. ఆ కవర్ తొడిగాక ఆ అందం ఎవరికీ కనిపించదు.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు నాకు ఊరటనిచ్చాయి. బ్యాటరీ 800 సైకిళ్ల (ఒక సైకిల్ అంటే మొత్తం సామర్థ్యమంత ఛార్జ్ ఒకసారి వాడటం) తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. కవర్ లేకుండా 45 సార్లు కింద పడినా ఫోన్ పనిచేయాలి. ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా ముఖ్యమైన విడిభాగాలు 7 ఏళ్లు దొరకాలి. ఫోన్ ఎంత సున్నితంగా ఉండొచ్చో తయారీదారే నిర్ణయించే రోజులు పోయి, దానికి ఒక కనీస కొలత వచ్చింది. కానీ వెనక గ్లాస్ లేస్తే ఓనర్‌కి తెలిపే ఏర్పాటు వాటిలో లేదు. ఉబ్బుని పసిగట్టి స్క్రీన్ మీద హెచ్చరిక చూపడం అసాధ్యమైన పనేమీ కాదని నా అభిప్రాయం.

అప్పగింత, ఆ తర్వాత

ఆయన ఫోన్‌కి కొత్త బ్యాటరీ, ఫ్యాక్టరీ ఆకారంలో కోసిన కొత్త జిగురు పట్టీ వేసి, క్లాంపుల కింద ఆరనిచ్చాం. వాక్యూమ్ టెస్టర్‌లో పెడితే లీక్ చూపించలేదు. అయినా దీన్ని నీళ్లకి తట్టుకునే ఫోన్‌గా లెక్కేయొద్దని బిల్లు మీదే రాసిచ్చాను. స్పీకర్ రంధ్రాలకి పొడి మెత్తటి బ్రష్ చాలు. ఎప్పుడైనా తడిస్తే ముందు స్విచాఫ్, ఛార్జింగ్ జోలికి పోకూడదు.

కవర్ మానేయాలా అని ఆయన అడిగారు. మానక్కర్లేదు, వారానికోసారి తీసి, ఇసుక తుడిచి, ఫోన్‌ని చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడమన్నాను. కెమెరా ఎత్తు వల్ల ఊగితే అది మామూలే, స్క్రీన్ కిందికి వచ్చేలా పెట్టినా ఊగుతుంటే, అంచు దగ్గర వెలుతురు సందు కనిపిస్తే వెంటనే తేవాలి. కారులో హోల్డర్‌ని విండ్‌షీల్డ్ దగ్గర నుంచి ఏసీ వెంట్ ముందుకి మార్చి, వైర్‌తో ఛార్జ్ చేయమన్నాను. సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా అక్కడే పెట్టిచ్చాను. ఆవిడ అంచులు ఎత్తుగా ఉండే పల్చటి కవర్ తీసుకున్నారు.

కొన్ని నెలల తర్వాత ఇద్దరూ వేరే పని మీద వచ్చారు. ఆయన తనంతట తనే కవర్ తీసి ఫోన్ నా ముందు పెట్టారు. వెనక గ్లాస్ ఫ్రేమ్‌తో సమానంగా ఉంది, అంచులో ఇసుక లేదు, బ్యాటరీ లెక్క బాగుంది. స్క్రీన్ మధ్యలోని పాలిపోయిన మచ్చ అలాగే ఉంది, పెద్దది కాలేదు. టచ్ అంతా సరిగ్గా పనిచేస్తోంది కాబట్టి ఆ మచ్చ కోసం స్క్రీన్ మార్చాల్సిన పని లేదని చెప్పి పంపాను.